వేగిపాడులో పుట్టిన ఇంగ్లీషు మాట

మా వేగిపాడులో మంచి జరగబోయినా చెడు జరగబోయినా ముందు గోడలకు సున్నం పడుతుంది. ఆ రోజు తెల్లారేసరికి మున్సిపల్ ఆఫీసు ప్రహరీకి, దాని ముందున్న చెట్ల మొదళ్ళకు, ఒక చెట్టుకు కట్టేసి ఉన్న మేకకు మోకాళ్ళ దాకా సున్నం పడింది. పైనుంచి ఎవరో పెద్దవారు వస్తున్నారని అర్థం చేసుకుని, నేను యథాప్రకారం వెంకాయమ్మ కొట్టుకు వెళ్ళి నా బెంచీ మీద కూర్చున్నాను.

వెంకాయమ్మ పెసరట్టు కొట్టు మున్సిపల్ ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. రేకుల పాక, మూడు బెంచీలు, ఒక పెనం, ఒక గ్రైండరు. భర్త పోయినప్పటి నుంచి ఆ పెనం మీదే ఇల్లు నడుపుతోంది, ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి. నా దగ్గర చదువుకున్న వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాలేదు గానీ, ఆ పాఠాల వల్ల నాకు మాత్రం కొంత వచ్చింది.

వచ్చిన పెద్దవారు రాజధాని నుంచి దిగిన ప్రత్యేకాధికారి. మా కమిషనర్ శశిభూషణం గారు ఆయనకు పార్కు చూపించారు, పార్కులో బల్ల చూపించారు, బల్ల మీద తన పేరు చూపించారు. ఆయన మాత్రం అల్లం, పచ్చిమిర్చి వాసన పట్టుకుని రోడ్డు దాటి నేరుగా వెంకాయమ్మ కొట్లోకి వచ్చి, నా పక్కనే కూర్చుని, రెండు పెసరట్లు ఉప్మాతో సహా తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, సందర్శకుల పుస్తకం అడిగాడు. దాన్ని ఆయన వెనకే మోసుకొస్తున్న అటెండరు బెంచీ మీద పరిచాడు. ఆయన ఒక్క వాక్యం రాసి, సంతకం గీకి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వాక్యం ఇది: "ఎవ్రీథింగ్ ఈజ్ కోపసెటిక్ ఇన్ వేగిపాడు."

కారు పోయిన దుమ్ము సర్దుకునే లోపల కమిషనర్ గారి ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైంది. ఆ మాట వినడానికే ఏదో కోపంగా ఉందని శానిటరీ ఇన్‌స్పెక్టరు అప్పటికప్పుడే జ్వరం తెచ్చుకుని ఇంటికి పోయాడు. మిగిలింది టౌన్ ప్లానింగ్ అధికారి బళ్ళ త్రిమూర్తులు. త్రిమూర్తులుకు మున్సిపల్ రూల్సన్నీ కంఠతా వచ్చు. ఏ రూలు ఎక్కడ వాడాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

"మాస్టారూ, ఇది ప్రశంసా, అభిశంసనా?" అన్నారు కమిషనర్ గారు. "అభిశంసన అయిన పక్షంలో సత్వరమే సంజాయిషీ సమర్పించవలసి ఉంటుంది."

"రెండు రకాలుగానూ రాసి ఉంచానండి," అన్నాడు త్రిమూర్తులు. "ఒకదాంట్లో కృతజ్ఞతలు, ఒకదాంట్లో క్షమాపణలు. తేదీ ఒక్కటే ఎయ్యాలి."

అంతా బాగానే ఉంది, లోటేమీ లేదు అని ఆ మాటకు అర్థమని చెప్పాను. కమిషనర్ గారు నమ్మలేదు. ఇంటికి పోయి అట్టలూడిన నా నిఘంటువు తెచ్చి చూపించాను. చదివారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన ఊరు బాగుందని ఆయనకు ఎవరూ రాసివ్వలేదట. ఆ మాట చెబుతూ నిఘంటువులో ఆ పేజీ మూల మడిచారు. అప్పుడు నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

వారం తిరక్కుండా ఊరి గోడలన్నిటి మీదా "వేగిపాడు: కోపసెటిక్ పట్టణం" అని నీలి రంగులో రాయించారు. చెత్త బండి మైకులో కూడా అదే పాట. కార్యాలయంలో ఫోనెత్తితే "హలో" బదులు "కోపసెటిక్" అనాలని ఉత్తర్వు వచ్చింది. దానికి అనుబంధంగా ఇంకొకటి వచ్చింది. ఇకమీదట పురపాలక సంఘమునకు సమర్పించు ప్రతి అర్జీయు "అంతా కోపసెటిక్‌గా ఉన్నది, అయితే" అను వాక్యముతో ప్రారంభము కావలెను.

వెంకాయమ్మ కొట్టు ముందు మురుగు కాలువ మూడు నెలలుగా పొంగుతోంది. ఆవిడ ఆ కొత్త పద్ధతిలోనే నా చేత అర్జీ రాయించుకుని ఇచ్చింది. జవాబు చాలా తొందరగా వచ్చింది. "మీ అర్జీలోని మొదటి వాక్యమును కూలంకషముగా పరిశీలించి, దానితో ఏకీభవించుచూ, అర్జీని పరిష్కరించడమైనది."

"పరిష్కరించారంటండి," అంది వెంకాయమ్మ, కాగితం మడిచి డబ్బాలో పెడుతూ. "మరి ఆ మురుక్కి కూడా ఒక కాయితం పంపిస్తే బాగుండేదండి."

ఇంతటితో ఆగి ఉంటే ఇది ప్రతి ఊళ్ళో జరిగేదే. కానీ ఒకరోజు కమిషనర్ గారు నన్ను పిలిపించి, ఇంత గొప్ప మాట అసలు ఎక్కడిదని అడిగారు. గోడల మీద రాయించాక అడగడం మా ఊరి పద్ధతి.

తెలిసినంత వరకు చెప్పాను. వందేళ్ళ కిందట అమెరికా దక్షిణాదిన నల్లజాతి కళాకారుల నోట బాగా ఆడిన మాట. దీని మూలం ఫ్రెంచి అని ఒకరన్నారు, హీబ్రూ అని ఇంకొకరన్నారు, ఇటాలియన్ అని మరొకరు. కాదు, అక్కడి ఆదివాసులు బేరసారాలకు వాడుకున్న భాషలోదని ఇంకొకరు. ఎవరి దగ్గరా రుజువు లేదు. అందుకే నిఘంటువు "మూలం తెలియదు" అని రాసి చేతులు దులిపేసుకుంది.

"అంటే, యజమాని లేరన్నమాట," అన్నాడు అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ త్రిమూర్తులు.

"మాటకు యజమాని ఉండడయ్యా," అన్నాను.

"అదేనండి. ఊళ్ళో యజమాని తెలియకుండా తిరుగుతున్నది ఏదైనా దొరికితే మనం ఏం చేస్తామండి? బందెలదొడ్డిలో పెడతాం. దండోరా ఏయిస్తాం. గడువు లోపల ఎవరూ రాకపోతే అది మున్సిపాలిటీ ఆస్తి. రూలు చాలా స్పష్టంగా ఉందండి."

బందెలదొడ్డి అంటే ఊరి మీద పడి తిరిగే దిక్కులేని పశువులను కట్టేసే చోటు. ఒక ఇంగ్లీషు మాటను అందులో ఎలా కడతారని అడిగాను. నా ప్రశ్నకు విలువ ఇచ్చి వాళ్ళిద్దరూ కాసేపు ఆలోచించారు. చివరికి ఆ మాటను ఒక రేకు మీద పెయింటు చేయించి, ఆ రేకును దొడ్డిలో ఒక గుంజకు కట్టారు. పక్కన ఎవరిదో ఆంబోతు ఉంది. రెండింటికీ కలిపి రోజూ గడ్డి మంజూరైంది.

మర్నాటి నుంచి ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటింపు. "ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, యజమాని తెలియని ఇంగ్లీషు పదము ఒకటి పురపాలక సంఘ పరిధిలో దొరికినది. వయస్సు సుమారు నూరు సంవత్సరములు. గుర్తులు: నోట పలికినపుడు నాలుగు భాగములుగా పలుకును. కడపటిసారి అమెరికా దేశమున తిరుగుచుండగా చూచినట్లు తెలియుచున్నది. హక్కుదారులు తగిన ఆధారములతో పదిహేను దినములలోగా కార్యాలయమునకు రావలెను."

గడువులోగా వచ్చింది ఒక్కడే. పాతపేట నుంచి గేదె తప్పిపోయినాయన. చాటింపులో నాలుగనగానే కాళ్ళేమోనని ఆశపడి పరిగెత్తుకొచ్చాడు. దొడ్డిలో రేకును చుట్టూ తిరిగి చూసి, "మాది దీనికన్నా కొంచెం పొడుగండి," అని వెళ్ళిపోయాడు. అది తనది కాదన్న ఆయన అంగీకారాన్ని కూడా సంతకంతో తీసుకున్నారు. గడువు ముగిసింది. కోపసెటిక్ వేగిపాడు పురపాలక సంఘ ఆస్తి అయిపోయింది.

ఆస్తి రిజిస్టరులో ఎక్కించాలంటే జనన ధృవీకరణ కావాలన్నాడు త్రిమూర్తులు. జనన ధృవీకరణకు పుట్టిన చోటు కావాలి. తల్లిదండ్రులు తెలియని పసిబిడ్డ దొరికితే దొరికిన చోటునే పుట్టిన చోటుగా, దొరికిన రోజునే పుట్టిన రోజుగా రాసుకోవచ్చని ఆయన ఒక రూలు బయటికి తీశాడు. మరి మాట దొరికింది ఎక్కడ? సందర్శకుల పుస్తకంలో. పుస్తకం అప్పుడు ఎక్కడుంది? వెంకాయమ్మ కొట్లో, నడిమి బెంచీ మీద. అది నా బెంచీ.

పుట్టిన చోటు కాలమ్‌లో బెంచీ ఎక్కింది. తల్లి పేరు కాలమ్ ఖాళీగా ఉందని త్రిమూర్తులు ఫైలు పట్టుకుని కొట్టుకు వచ్చాడు. వెంకాయమ్మ పెనం మీద ఉల్లిపాయ ముక్కలు చల్లుతూ ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, "నాకు ఇద్దరు చాలండి," అంది.

అక్కడ నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. మరుసటి సోమవారం నోటీసు వచ్చాక ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. సదరు పదము యొక్క జన్మస్థలమున స్మారక భవనము నిర్మించుటకు పాలకవర్గము ఏకగ్రీవముగా తీర్మానించినందున, ప్రస్తుతము అచట ఉన్న రేకుల పాకను నెల రోజులలోగా తొలగించవలెను.

వెంకాయమ్మ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, మీరు చదువుకున్నోరు. ఆ మాట మా కొట్లో పుట్టలేదని మీరు చెప్పండి. ఎక్కడో పుట్టిందని మీరే అన్నారు గదా. అది పుట్టిన దేశం పేరు రాసివ్వండి, నేనెళ్ళి కమిషనర్ గారి కాళ్ళ మీద పడతాను. కొట్టు పోతే పిల్లల్ని తీసుకుని ఎక్కడికెళ్ళనండి నేను?"

బహిరంగ విచారణ రోజున నిఘంటువు చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఆ మాటకు వందేళ్ళున్నాయని, వేగిపాడుకు సముద్రాల అవతల పుట్టిందని, ఎక్కడ పుట్టిందో తెలియకపోవడమంటే ఎక్కడైనా పుట్టవచ్చని కాదని గట్టిగా చెప్పాను. గొంతు కూడా పెంచాను. క్లాసులో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

కమిషనర్ గారు శాంతంగా విన్నారు. "మాస్టారి పాండిత్యం పట్ల ఈ కార్యాలయానికి అపారమైన గౌరవం ఉంది. కానీ మాస్టారి దగ్గర ఉన్నది 'తెలియదు' అనే ఆధారం. మా దగ్గర ఉన్నది సీలు వేసిన జనన ధృవీకరణ పత్రం. తెలియదు అన్నదాన్ని ఏ కార్యాలయమూ ఆధారంగా స్వీకరించజాలదు."

"ఏమండీ, ఆ మాట మీకంత ముద్దయితే మీ ఇంటికి తీసుకెళ్ళి పెంచుకోండి," అంది వెంకాయమ్మ. "నా కొట్టు నాకొదిలెయ్యండి."

ఆవిడ అభ్యంతరాన్ని నమోదు చేసుకుని, పరిశీలించి, మొదటి వాక్యం "అంతా కోపసెటిక్‌గా ఉన్నది" అని లేనందున తిరస్కరించారు.

కూల్చే రోజు వచ్చింది. జేసీబీ వచ్చింది, జనం వచ్చారు, కమిషనర్ గారు కొబ్బరికాయతో వచ్చారు. ముందుగా శిలాఫలకం మీద తెర తీశారు: "కోపసెటిక్ పద జన్మస్థలము. పురపాలక సంఘముచే రక్షింపబడిన వారసత్వ ప్రదేశము." చప్పట్లు కొట్టారు. వెంకాయమ్మ పెనానికి అడ్డంగా నిలబడింది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. జేసీబీ చెయ్యెత్తింది.

"ఆపండి, ఆపండి," అంటూ త్రిమూర్తులు అడ్డం పరిగెత్తాడు. ఫలకం మీది అక్షరాలను ఆయన అప్పుడే పూర్తిగా చదివాడు. "సార్, వారసత్వ ప్రదేశం అని ప్రకటించేశామండి. దాన్ని కూల్చడానికి లేదండి. అది పుట్టిన రోజున ఎలాగుందో అలాగే ఉంచాలి."

కమిషనర్ గారు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. జనం ఈల వేశారు. వెంకాయమ్మ నా చెయ్యి పట్టుకుని, "బతికించాడండి త్రిమూర్తులు గారు," అంది. ఆ పూట ఆయనకు ఊరికే అట్టు పెట్టింది. నేనూ బతికించాడనే అనుకున్నాను. రూలు ఒక్కసారైనా మన తరఫున మొరిగిందని సంతోషించాను.

మరుసటి వారం త్రిమూర్తులు పూర్తి ఉత్తర్వుతో వచ్చాడు. జన్మస్థలం పుట్టిన రోజున ఉన్న స్థితిలోనే శాశ్వతంగా ఉండాలి. ఆ రోజు ఉన్నవే ఉండాలి, లేనివి రాకూడదు. ఆ రోజు పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి ఉన్నాయి గనక అవే వండాలి, ఇడ్లీ మొదలెట్టకూడదు. పొయ్యి ఉదయం ఏడింటి నుంచి పదింటి దాకా వెలిగి ఉండాలి. చిరిగిన పరదా చిరిగే ఉండాలి. మురుగు కాలువ ఆ రోజు పొంగుతోంది గనక పొంగుతూనే ఉండాలి. పురపాలక సంఘం తన పని ఇంత శ్రద్ధగా నిర్వర్తించడం అదే మొదలు.

ఆ రోజు నడిమి బెంచీ మీద నేను ఉన్నాను గనక నేనూ ఉండాలి. నాకు ఒక నంబరు వేసి, సామాన్ల జాబితాలో పెనానికీ పప్పు డబ్బాకూ మధ్య నా పేరు చేర్చారు. రోజూ ఏడింటి నుంచి పదింటి వరకు నేను స్థిరాస్తిని. ఒకనాడు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళబోతే, వారసత్వ వస్తువును పరిధి దాటించడం నేరమని త్రిమూర్తులు నన్ను వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఇదంతా వెంకాయమ్మ భరించింది. ఒకరోజు గ్రైండరు బెల్టు తెగింది.

బెల్టు అంటే పెద్ద విషయం కాదు, బజారులో దొరుకుతుంది. కానీ కొత్త బెల్టు ఆ రోజు లేదు. మార్చడానికి వీల్లేదన్నారు. చేత్తో రుబ్బుకుంటానని పక్కింటి రోలు తెస్తే రోలును స్వాధీనం చేసుకున్నారు, ఎందుకంటే ఆ రోజు రోలూ లేదు. ఇంటి దగ్గర రుబ్బుకుని తెస్తానంటే, ఆ రోజు పిండి బయటి నుంచి రాలేదని గుర్తు చేశారు. పొయ్యి మాత్రం వెలిగించక తప్పదు. ఏడింటికి ఆవిడ పొయ్యి వెలిగించేది, ఖాళీ పెనం కాలేది. నేను ఎదురుగా కూర్చుని ఆ ఖాళీ పెనాన్ని చూసేవాణ్ణి. పదింటికి ఆవిడ ఆర్పేసేది. గ్యాసు ఆవిడదే. ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి పప్పు డబ్బా కూడా ఖాళీ అయింది, ఎందుకంటే ఆ పప్పే ఇంట్లో వండుకుంటున్నారు. ఆవిడ మాట్లాడటం మానేసింది. నాకు కోపం వచ్చేది, కానీ స్థిరాస్తికి కోపం వస్తే ఎవరికి లెక్క?

ఈలోగా వానలు పట్టాయి. అప్పుడు బయటపడింది ఆ ఉత్తర్వులోని చివరి పేరా. వారసత్వ ప్రదేశానికి వంద మీటర్ల లోపల ఎటువంటి నిర్మాణము గాని మరమ్మతు గాని జరపరాదు. మున్సిపల్ ఆఫీసు రోడ్డుకు ఇవతల నుంచి ఉమ్మేస్తే పడేంత దూరంలో ఉంది. దాని కప్పు ఎన్నో ఏళ్ళుగా కారుతోంది. ఏటా వానలకు ముందు తారు పూయించేవారు, ఈ ఏడు త్రిమూర్తులు పూయనివ్వలేదు.

కమిషనర్ గారి కుర్చీకి సరిగ్గా పైన చిల్లు పడింది. కుర్చీ జరుపుకోవచ్చు కదా అంటే, అవతలి వైపు ఇంకా పెద్ద చిల్లుంది. ఆయన గొడుగు కింద కూర్చుని సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. సంతకం పెట్టే చేత్తోనే గొడుగు పట్టుకోవలసి వచ్చి, ఆ వారం ఆయన సంతకాలన్నీ గొడుగు ఆకారంలో వచ్చాయి. ఫ్యానులోకి నీళ్ళు దిగి ఆగిపోయింది. మరుగుదొడ్డి తలుపు ఊడి పడింది, బిగించడం మరమ్మతు కిందికి వస్తుందని అలాగే వదిలేశారు. ఆ తర్వాత ఉద్యోగులు నీళ్ళు తాగడం మానేశారు.

పరిస్థితిని సమీక్షించుటకు కమిషనర్ గారు అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు. జన్మస్థలం యజమానురాలిగా వెంకాయమ్మను, నిపుణుడిగా నన్ను పిలిచారు. సమావేశం పదకొండింటికి పెట్టారు గనక అప్పటికి నేను మళ్ళీ మనిషినయ్యాను. గొడుగులన్నీ ఒకదానికొకటి తగులుతుంటే లోపలికి వెళ్ళి కూర్చున్నాం.

"ముందుగా, సదరు పదము యొక్క ప్రస్తుత స్థితిగతులు ఎలా ఉన్నాయి?" అని అడిగారు కమిషనర్ గారు, ముక్కు మీది నీటి చుక్క తుడుచుకుంటూ.

వెంకాయమ్మ లేచి నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నోరు విప్పడం అదే.

"చచ్చిపోయిందండి మీ పదం," అంది. "చచ్చిపోయి చాలా రోజులైంది. మీకే తెలియలేదు."

ఆవిడ మీద కేసు పెడతారని నేను భయపడ్డాను. త్రిమూర్తులు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎప్పుడు పోయిందమ్మా?" అన్నాడు.

"బెల్టు తెగిన రోజునండి."

"సార్," అన్నాడు త్రిమూర్తులు కమిషనర్ గారి వైపు తిరిగి. "ఇంటి యజమాని స్వయంగా మరణ సమాచారం ఇచ్చినప్పుడు మనం నమోదు చేసుకోవాలండి. వారసత్వ రూలు జీవించి ఉన్న పదానికే వర్తిస్తుంది. చనిపోయినదానికి జన్మస్థలం ఉండదండి, శ్మశానమే ఉంటుంది. శ్మశానం దగ్గర మరమ్మతులు చేసుకోవచ్చు."

కమిషనర్ గారు కప్పు కేసి చూశారు. ఒక చుక్క వచ్చి కంట్లో పడింది. "తగు విచారణ జరిపి ధృవీకరించండి," అన్నారు ఆర్ద్రంగా.

పదం నిజంగా ఎక్కడా ప్రాణాలతో లేదని తేల్చాలి గనక ఇంటింటి సర్వే పెట్టారు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మీ ఇంట్లో అంతా బాగానే ఉందా?

మా ఊరి చరిత్రలో మున్సిపాలిటీ వాళ్ళు గుమ్మంలోకి వచ్చి ఆ ప్రశ్న వెయ్యడం ఎప్పుడూ జరగలేదు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పూట పట్టింది. కుళాయి రాదని, వీధి దీపం పగలు వెలిగి రాత్రి ఆరుతుందని, పింఛను కోసం వెళితే నువ్వు లేవన్నారని, దోమలని, కోడళ్ళని, మోకాళ్ళని చెప్పారు. ఒక ముసలమ్మ సర్వే చేసే అమ్మాయిని కూర్చోబెట్టి అన్నం పెట్టి మరీ చెప్పింది. కమిషనర్ గారి సొంత ఇంటికి వెళితే ఆయన భార్య, "మీ సారుకి ఆర్నెల్ల నుంచీ చెప్తున్నాను, మోటారు పనిచెయ్యట్లేదని," అని తలుపేసుకుంది. ఊరంతా వెతికినా ఆ మాట ప్రాణంతో ఎక్కడా కనిపించలేదు.

మిగిలింది మరణ కారణం. వృద్ధాప్యం అని రాద్దామన్నారు. కానీ మన రికార్డు ప్రకారం దానికి ఏడాది కూడా నిండలేదు, అది శిశు మరణం అవుతుంది, జిల్లా నుంచి విచారణ బృందం వస్తుంది. జ్వరమంటే దోమల మాట వస్తుంది. కుక్క కాటంటే కుక్కల మాట వస్తుంది. నన్నడిగితే వాడుక లేక అన్నాను, అటువంటి జబ్బు జాబితాలో లేదన్నారు. చివరికి "ఇతర కారణములు" అని రాశారు. మా ఊళ్ళో చాలామంది దానితోనే పోయారు.

ధృవీకరణ పత్రం నేను కళ్ళారా చూశాను. "వేగిపాడు పురపాలక సంఘ పరిధిలో 'అంతా బాగానే ఉన్నది' అను అర్థము కలిగిన పదము ఏదియు జీవించి లేదని, క్షుణ్ణముగా విచారించిన మీదట, ఇందుమూలముగా ధృవీకరించడమైనది." కింద కమిషనర్ గారి సంతకం, గుండ్రటి సీలు. ఆయన గొడుగు పట్టుకుని చదవకుండానే పెట్టారు. ముప్పై ఏళ్ళుగా మా మున్సిపల్ ఆఫీసు కాగితాలు చదువుతున్నాను, అంత నిజమైన కాగితం ఇంకొకటి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే కప్పు మీదికి తారు డబ్బాలెక్కాయి. ఇటు వెంకాయమ్మ గ్రైండరుకు కొత్త బెల్టు పడింది. సాయంత్రం పప్పు నానబోసిందని తెలిసి నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళాను. ఎవరూ రమ్మనకుండా, నంబరు లేకుండా, నా కాళ్ళతో నేను వెళ్ళి కూర్చున్నాను. ఈసారి చివరి బెంచీ మీద. ఆవిడ మొదటి అట్టు తిరగేస్తుంటే చుయ్యిమన్న చప్పుడుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లం ఘాటు అన్నాను.

అప్పుడు త్రిమూర్తులు వచ్చాడు. మరణం జరిగిన ఇంటివారికి పత్రం నకలు అందజేసి సంతాపం తెలపడం ఒక్కటే మిగిలిందట. చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పురపాలక సంఘం తరఫున మీకు ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నామమ్మా. మీ కొట్లో పుట్టి, మీ కొట్లోనే పోయింది."

వెంకాయమ్మ గరిటెతో పిండి పోసి పెనం మీద గుండ్రంగా తిప్పింది.

"పోతే పోయింది లెండి బాబూ," అంది. "మా కొట్లోనే పుట్టిందన్నారు గానండి, బతికున్నన్నాళ్ళూ ఒక్క పూట మా గడప తొక్కింది లేదు. మీరు కూచోండి, అట్టేస్తాను."